తెర లేని గది

సముద్రం కనిపిస్తుందని చెప్పి మాకు ఈ ఫ్లాట్ అమ్మారు. కొన్న మూడో నెలలోనే, సముద్రం కనిపించే ఆ కిటికీని మూయించాలని మావారు పట్టుబట్టారు.

కార్పెంటర్ అప్పలనాయుడు కొలత టేపు మెడలో వేసుకుని కిటికీ ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"ఏటి బాబూ, నిజంగా మూసీమంటారా? దీనికోసమే కదేటి జనం ఎగబడి కొనుక్కుంతన్నారు."

"పాట వినే గదిలో గాజు ఉండకూడదు నాయుడూ. తగిలిన శబ్దాన్ని తగిలినట్టు విసిరికొడుతుంది," అన్నారు మావారు.

"మరి ఎటు సూసుకుంటా ఇంతారండి పాట?"

"ఎదురుగా ఉన్న గోడకేసి."

అప్పలనాయుడు నావైపు తిరిగి గొంతు తగ్గించాడు. "అమ్మా, బాబుకి కళ్ళు బాగోలేవని ఇన్నాను గానీ..." అని మిగిలింది మింగేశాడు.

కళ్ళు బాగోలేవన్నది నిజమే. రెండేళ్ళుగా ఆయన చూపు మధ్యలో ఒక మచ్చ ఏర్పడింది. సూటిగా చూస్తే ఎదుటి మనిషికి ముఖం ఉండదు. అంచుల్లో మాత్రం అన్నీ ఉంటాయి. అందుకే ఆయన నాతో మాట్లాడేటప్పుడు నా భుజం పక్కనున్న గోడతో మాట్లాడుతున్నట్టుంటారు.

ఆ గదికి కావలసినవన్నీ నేనే ఎంచాను. కింద కొబ్బరిపీచు తివాచీ, రెండు పేము కుర్చీలు, వెనక గోడకి పుస్తకాల అలమర. ఎదుటి గోడకి నీలిమందు అద్దకం గుడ్డ ఒకటి బిగిద్దామన్నాను. బొమ్మలూ కొండలూ జలపాతాలూ రెండు వారాల్లో విసుగు పుట్టిస్తాయి. ఏమీ లేని రంగు విసుగు పుట్టించదు.

"పాట పుట్టిన గదికంటే మంచి దృశ్యం ఏముంటుంది?" అన్నారాయన.

ఆయన ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేసింది సముద్రం అడుగున ఏముందో శబ్దం పంపి తెలుసుకునే లాబొరేటరీలో. వెళ్ళిన శబ్దం తిరిగొచ్చిన తీరునుబట్టి అది రాయో, చేపల గుంపో, ఇనుమో చెప్పడం వాళ్ళ పని. రిటైరయ్యాక అదే విద్యని పాత రికార్డుల మీదకి తిప్పారు. రికార్డులో పాట ఒక్కటే ఉండదు. పాట తగిలి వెనక్కి వచ్చిన గోడలు, స్తంభాలు, కూర్చున్న మనుషులు, మూలనున్న బిందె కూడా ఉంటాయి. ఇందులో నాకు ఆశ్చర్యం అనిపించలేదు. ఖాళీ ఇంట్లో చెంచా పడితే ఒక రకంగా మోగుతుంది, పరుపులూ బట్టలూ చేరాక ఇంకో రకంగా మోగుతుంది. ఇల్లు మారిన ప్రతి ఆడదానికీ ఇది తెలుసు. మావారు దాన్నే యంత్రం చేశారు. టేపు పెడితే అది రికార్డయిన గదిని ఎదుటి గోడ మీద బొమ్మగా తేల్చే యంత్రం.

మొదటి గోడ లాబొరేటరీలో వెలిగింది. నేను ఆయనకి క్యారేజీ తీసుకుని వెళ్ళాను. ఎవరి ఇంట్లోనో జరిగిన కచేరీ టేపు తిరుగుతోంది. గోడంతా బూడిదరంగు. వస్తువుల మీద ఎవరో బియ్యప్పిండి జల్లితే ఆకారాలు మాత్రం తేలినట్టుంది. ఎస్తేరురాణి, ఒకప్పుడు మావారి కింద పనిచేసిన సైంటిస్టు, ఇప్పుడు ఆ గదికి అధికారి, పెన్నుతో ఒక మూలని చూపిస్తోంది.

"సార్, ఇది మనిషంటారా, స్తంభమంటారా?"

"రెండూ కాదు. చాపలు. చుట్టి నిలబెట్టారు. మధ్యలో బోలుగా ఉంది చూడమ్మా," అన్నాను.

ఆమె పెన్ను దించేసింది. మావారు నా భుజం పక్కకి చూసి నవ్వారు. యంత్రం ఆకారాలు చూపించేదే గాని పేర్లు చెప్పేది కాదు. దండెం మీద ఆరేసిన చీరలని అది వరసగా నిలబడ్డ మనుషులుగా చూపించేది. మూకుడు బోర్లించి ఉంటే తల అనుకునేవారు అందరూ. ఇంట్లో ఏ వస్తువు ఎక్కడ ఉంటుందో, ఎలా ఉంటుందో నలభై ఏళ్ళుగా చూసినదాన్ని కనక నేను పొరపడేదాన్ని కాదు. నాలుగు నెలలు తిరిగేసరికి నేను చెప్పిందే రిపోర్టుల్లో రాయడం మొదలుపెట్టారు. "మేడమ్ కళ్ళకి జీతం ఇవ్వాలి సార్," అనేది ఎస్తేరు.

ఒకరోజు ఎస్తేరు తన పెళ్ళి టేపు తెచ్చింది. చర్చిలో పాడిన కీర్తనలు. ఆ పెళ్ళి వాళ్ళ నాన్నకి ఇష్టం లేదు, రాలేదు, తర్వాత రెండేళ్ళకే పోయాడు. గోడ మీద బల్లలు తేలాయి, పాడేవాళ్ళు తేలారు. తెరిచిన కిటికీ అవతల, వరండాలో, ఒక ఆకారం గోడకి ఆనుకుని ఉంది.

"మేడమ్, అదేంటి?"

"మనిషే. ఎడమ భుజం కొంచెం కిందకి ఉంది."

ఎస్తేరు కుర్చీలో కూర్చుంది. "మా నాన్న మిల్లులో బస్తాలు మోసేవాడు మేడమ్. ఎడమ భుజం మీదే."

నేను చూసింది ఒక వంగిన భుజం. ఎవరైనా కావచ్చు. బండి తోలినవాడైనా కావచ్చు. ఆ మాట నేను పైకి అనలేదు. ఆమె ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చి, నా చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నేను ఒక్క మాటతో చచ్చిపోయిన మనిషిని కిటికీ దగ్గరకి తీసుకురాగలనని ఆ రోజు తెలిసింది. అదేమీ మంచి సంగతిలా తోచలేదు.

మా ఇంటి గోడ తయారయ్యాక రోజుకో టేపు పెట్టి చూశాం. పెళ్ళి పందిట్లో సన్నాయి, రేడియో స్టూడియోలో వీణ, ఎవరిదో భజన. యంత్రానికి రెండు మైకులతో చేసిన రికార్డు ఉంటే తప్ప గది సరిగ్గా తేలదు. మా ఇంట్లో రెండు మైకులతో చేసిన కేసెట్టు ఒక్కటే ఉంది.

"హిమజది పెడదాం," అన్నారు మావారు.

"బూజు పట్టిందండీ. తిప్పితే తెగిపోతుంది," అన్నాను.

"ఎస్తేరుకిచ్చి శుభ్రం చేయిస్తాను."

హిమజ మా అమ్మాయి. ఒక్కతే. వయొలిన్ నేర్చుకునేది. పదిహేడేళ్ళు నిండాక నాలుగో నెలలో, మేము క్వార్టర్స్‌లో ఉండగా, ఏదో సభవాళ్ళ పోటీకి కేసెట్టు పంపాలని ఆ రికార్డు చేశారు. లాబొరేటరీనుంచి రెండు మంచి మైకులు అడిగి తెచ్చారు మావారు. వీధి చప్పుడు లోపలికి రాకుండా కిటికీ సందుల్లోనూ తలుపు కిందా ఫెల్టు గుడ్డ కుక్కారు. తెరలు ఉంటే వయొలిన్ మెరుపుని తాగేస్తాయని వాటిని విప్పి, అంచులు కలిపి మడతపెట్టి నా చేతికిచ్చారు. టేపు తిరుగుతున్నంతసేపూ ఎవరూ తలుపు తీయకూడదు, లోపలివాళ్ళు లేవకూడదు. అది మా ఇంట్లో ఎప్పటినుంచో ఉన్న నియమం.

ఆ రోజు శుక్రవారం. హిమజకి తలంటు పోశాను. మోకాళ్ళు దాటే జుట్టు. తడి తలతో కూర్చుంటే జలుబు చేస్తుందని కుంపట్లో బొగ్గులు రాజేసి, సాంబ్రాణి వేసి, గంప బోర్లించి, దాని వెనకాల పెట్టి జుట్టు గంప మీద పరిచాను.

"పొగ అయిపోయింది, కుంపటి తీసెయ్యనా?" అని అడిగాను.

"ఇప్పుడు కదిపావంటే నాన్న మళ్ళీ మొదటినుంచి వాయించమంటారు. వెచ్చగానే ఉందిలే. నువ్వెళ్ళమ్మా, మైకులో నీ గాజులు పడతాయి."

అది నాతో అన్న ఆఖరి మాట ఇదే. నలభై అయిదు నిమిషాల టేపు అయ్యాక తలుపు తీస్తే గోడకి జారగిలబడి ఉంది. కరెంటు శ్రుతిపెట్టె మోగుతూనే ఉంది. డాక్టరు గుండె అన్నాడు. చిన్నప్పుడు దాని గుండెలో ఏదో చప్పుడుందని ఎవరో అన్న మాట అందరూ గుర్తుచేసుకున్నారు. మనుషులు వచ్చి కూర్చుంటారని నేను కుంపటి పెరట్లోకి మార్చాను. దాచాలని కాదు. అప్పటికి నాకు ఏమీ తెలియదు. పదకొండో రోజున సామాను కడుగుతూ ఆ కుంపట్లో బూడిద చూసినప్పుడు తెలిసింది. నేను బి.ఎస్సీ. కెమిస్ట్రీ చదివాను. మూసిన గదిలో బొగ్గు కాలితే ఏ వాయువు పుడుతుందో, అది మనిషి రక్తాన్ని ఏం చేస్తుందో పరీక్షలో రాసి ఎనిమిది మార్కులు తెచ్చుకున్నదాన్ని.

ఆ సంగతి ఇరవై ఎనిమిదేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. మావారూ ఫెల్టు గుడ్డ గురించి ఎన్నడూ మాట్లాడలేదు. దాని గుండె మంచిది కాదు అనుకుంటూ ఇద్దరం ముసలివాళ్ళమయ్యాం. ఇప్పుడు ఆ గది గోడంత పెద్దదిగా నా ముందు లేవబోతోంది. పక్కనుండి ఒక్కొక్క వస్తువు పేరూ చెప్పాల్సింది నేను.

కేసెట్టు శుభ్రపడి వచ్చిన మర్నాడు ఆయన కళ్ళ డాక్టరు దగ్గరకి వెళ్ళారు. ఎస్తేరు కారులో తీసుకెళ్ళింది. నేను వంటింటి పని ముగించి, చేతులు తుడుచుకుని, గదిలోకి వెళ్ళి టేపు పెట్టాను. కుంపటి గోడ మీద కనిపించకపోతే బతికిపోతాను. అంతే అనుకున్నాను.

కల్యాణి ఆలాపన మొదలైంది. కమాను రెండోసారి తిరిగేసరికి కిటికీ చట్రం తేలింది. తర్వాత గూడు, అందులో పుస్తకాలు, నేలమీద శ్రుతిపెట్టె. తర్వాత తను. ముఖం లేదు. యంత్రం అంత సన్నగా చూపించదు. వయొలిన్ వైపు ఒరిగిన తల, ముడుచుకున్న కాలు. దాని వెనకాల గంప. అల్లిక సందుల్లోంచి లోపలి కుంపటి అంచు కూడా కనిపిస్తోంది. గంప పైన, గోడ గీత నిటారుగా లేదు. వేసవిలో రోడ్డు మీద ఎండ ఆడినట్టు అక్కడ గోడ ఆడుతోంది. వేడిగాలి శబ్దాన్ని వంచుతుంది. సముద్రంలో వెచ్చటి పొర వచ్చినా ఇలాగే ఉంటుందని మావారు వంద సార్లు చెప్పారు. నీళ్ళబిందె అని అబద్ధం చెప్పడానికి కూడా వీల్లేదు.

ఆపేయాల్సింది. ఆపలేదు. ఇరవయ్యారో నిమిషంలో వయొలిన్ ఆగింది, వాక్యం మధ్యలో మనిషి ఆగినట్టు. కమాను ఒళ్ళోకి దిగింది. తల వెనక్కి, గోడకి చేరింది. ఆ తర్వాత శ్రుతిపెట్టె ఒక్కటే మోగుతోంది. ఆ మోతే గదిని వెలిగిస్తోంది.

కాసేపటికి గోడ ఎడమ అంచున ఒక సందు విచ్చుకుంది. తలుపు. తలుపులో మగమనిషి. ఒక చేయి చట్రం మీద, ఇంకో చేయి నడుం మీద. ఇప్పటికీ ఆయన అలాగే నిలబడతారు. ఆ రోజంతా వరండాలో పేపరు చదువుతూ కూర్చున్నానని నాతో చెప్పిన మనిషి. పదకొండు సార్లు నేను ఊపిరి తీసుకునేంతసేపు అక్కడ నిలబడ్డారు. తర్వాత తలుపు మూసుకుంది. తలుపు కింద సన్నటి గీత ఒకటి మిగిలింది. అదీ మెల్లగా మూసుకుపోయింది. అవతలనుంచి ఫెల్టుని కాలితో లోపలికి తోశారు.

ముందు నాకు కలిగింది కోపం కాదు. ఇరవై ఎనిమిదేళ్ళ బరువులో ఒక వైపు ఎవరో పట్టుకున్నట్టు, ఒక్క క్షణం, తేలికైంది. ఆ తేలికకి నామీద నాకే రోత పుట్టింది.

హిమజ నాకు రోతపడటానికి కూడా టైమివ్వలేదు. తలుపు మూసుకున్న నాలుగు నిమిషాలకి ఒళ్ళోంచి కుడిచేయి కదిలింది. నేలమీదకి వచ్చింది. వీపు గోడనుంచి జానెడు పైకి లేచింది. తలుపువైపు తల తిరిగింది. తిరిగి వెనక్కి జారిపోయింది. ఆ తర్వాత టేపు చివరిదాకా గోడ మీద ఏదీ కదలలేదు, గంప పైన గాలి తప్ప.

టేపు మొదటికి తిప్పి పెట్టెలో పెట్టాను. బియ్యం కడిగి పొయ్యి మీద పడేశాను. ఆయన వచ్చి, కంట్లో మందు వేశారని, రేపటిదాకా వెలుతురు చూడకూడదని చెప్పారు. సరేనన్నాను.

రెండు రోజులకి, మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఆయనే గదిలోంచి పిలిచారు.

"సువర్చలా, ఇలా రా. నీ కుర్చీలో కూర్చో."

టేపు అప్పటికే పెట్టి ఉంది. ఆయన చేతిలో రిమోటు ఉంది. గది ఒక్కొక్కటిగా తేలుతుంటే ఒక్కొక్కటీ అడిగారు. గూడు అన్నాను. పుస్తకాలు అన్నాను. శ్రుతిపెట్టె అన్నాను.

"పాప వెనకాల గుండ్రంగా ఏంటది?"

"గంప."

"గంప కింద?"

వంటింట్లో పంపు సరిగ్గా కట్టలేదు, చుక్క చుక్కా పడుతోంది. ఆ చప్పుడు వింటూ చెప్పాను. "కుంపటి. నేనే పెట్టాను. పొగ అయిపోయాక కూడా తీయలేదు."

"తెలుసు," అన్నారు.

"ఎప్పటినుంచి?"

"ఆ రోజునుంచే. తలుపు తీసినప్పుడు సాంబ్రాణి వాసన వచ్చింది."

గోడ మీద హిమజ వాయిస్తోంది. మేమిద్దరం దాన్నే చూస్తున్నాం. ఆయన మాత్రం కొంచెం పక్కకి.

"నేను తలుపు తీశాను సువర్చలా. నీకు చెప్పలేదు. వయొలిన్ ఆగిపోయిందేంటా అని తీశాను. కళ్ళు మూసుకుని ఉంది. రాత్రంతా పరీక్షకి చదివింది కదా, కునుకు పట్టింది అనుకున్నాను. నిద్రలేపడం ఎందుకులే, టేపు అయిపోనీ, లేచాక మళ్ళీ చేద్దాం అనుకున్నాను. మూసేశాను. బొగ్గుల సంగతి అప్పుడు తట్టలేదు. పదిరోజులకి తట్టింది. నిన్ను అడిగితే నువ్వు నన్ను అడుగుతావని అడగలేదు."

"ఈ గోడంతా దీనికోసమేనా?"

"దీనికోసమే. పాటకోసం గోడ ఎందుకు, కళ్ళు మూసుకుంటే సరిపోదూ?" అని నవ్వబోయి మానేశారు. "నాకు ఒక్కటే తెలియాలి. నేను తలుపు తీసేటప్పటికి పాప ఉందా, పోయిందా. నా కళ్ళకి తెలీదు. మెషిన్ చెప్పదు. ఎస్తేరుని అడగలేను. నువ్వు చెప్పు. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

వయొలిన్ ఆగింది. తల గోడకి చేరింది. శ్రుతి మోగుతోంది. ఎడమ అంచున తలుపు విచ్చుకుంది. తలుపులో నలభై ఆరేళ్ళ మనిషి నడుం మీద చేయి వేసుకుని నిలబడ్డాడు. కుర్చీలో డెబ్భై నాలుగేళ్ళ మనిషి రిమోటు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు.

"చెప్పు."

"పోయిందండీ. అప్పటికే పోయింది."

"ఎలా చెప్పగలవు?"

"మెడ చూస్తే తెలుస్తుంది. నిద్రపోయే పిల్ల మెడ అలా ఉండదు."

ఆయన గుండెల్లోంచి ఊపిరి బయటికి వచ్చింది. ఎంత కాలంగా పట్టి ఉంచారో గాని చాలాసేపు వస్తూనే ఉంది. గోడ మీద తలుపు మూసుకుంది. కింద గీత మూసుకుపోయింది. రిమోటు ఇమ్మని చేయి చాపాను. ఇచ్చేస్తారనుకున్నాను.

"ఉండు, చివరిదాకా చూద్దాం," అన్నారు.

నిమిషం గడిచింది. రెండు. నేను ఆయనకేసే చూస్తున్నాను. ఆయన కళ్ళు గోడకి దూరంగా, అలమరవైపు ఉన్నాయి. ఆ కళ్ళు సూటిగా దేన్నీ చూడలేవు. కాని అంచుల్లో పురుగు పాకినా పట్టేస్తాయి. ఆ సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది.

నాలుగో నిమిషంలో ఆయన భుజాలు బిగిశాయి.

"అక్కడేదో కదిలింది."

నేను ఆయన చేతుల్లోని రిమోటుకేసి చూశాను.

"సువర్చలా. పాప దగ్గర ఏదో పైకి లేచి పడింది. ఏంటది?"

"తెర," అన్నాను.

శ్రుతిపెట్టె మోగుతోంది. ఒళ్ళో ఆయన చేతులు రిమోటుని వదిలేశాయి. ఒకదాని మీద ఒకటి, అంచులు కలిపి గుడ్డ మడతపెడుతున్నట్టు మెల్లగా కదిలాయి. ఒకసారి మడిచాయి. ఇంకోసారి మడిచాయి. ఆగాయి.

"తెరే అయ్యుంటుంది," అన్నారు.

టేపు ఇంకా పదకొండు నిమిషాలుంది. అది తిరుగుతున్నంతసేపూ లేవకూడదన్నది మా ఇంటి నియమం. ఇద్దరం లేవలేదు.